మూడు దేశాల్లో సగం వాటా

కనక మూడు దేశాలు తిరగబోతోందన్న కబురు జాముగూడలో కనకకంటే ముందు ఊరందరికీ తెలిసిపోయింది. ఆ పొద్దు ఆమె కొండవాలు తోటలో సిల్వరోక్ చెట్లకి మిరియం తీగలు పాకించుకుంటూ ఉంది. కింద కళ్ళం దగ్గర కాఫీ సంఘం జీపు ఆగడం, క్యాథరిన్ దిగడం, చుట్టూ జనం మూగి నవ్వుకోవడం పైనుంచి చూసి, ఎవరి పందో ఎవరి చేలోనో పడిందనుకుంది. దిగి వచ్చేసరికి మొగుడు గంగరాజు నడుం మీద చేతులేసుకుని ఎదురొచ్చాడు.

"ఏటే, ఇటలీ ఎల్తన్నావంట? పొద్దున్న అంబలి తాగినప్పుడు ఒక్క ముక్క సెప్పనేదు!"

"అదెక్కడ? పెదబయలు దాటాలా?"

"పాడేరు కూడా దాటాలంట," అన్నాడు గంగరాజు గంభీరంగా.

క్యాథరిన్ భీమిలి పిల్ల. కాఫీ సంఘంలో ఉద్యోగానికని ఈ కొండలెక్కి, జ్వరానికీ జలగలకీ జడవకుండా నిలబడ్డ మనిషి. అసలు సంగతి ఆమె చెప్పింది. ఆ ఏడు సంఘం పంపిన కాఫీలన్నిటినీ బయటి దేశాలవాళ్ళు వేడినీళ్ళలో వేసి, చెంచాలతో చప్పరించి చూశారు. అన్నిటిలోకీ కనక తోటలోదే మేలన్నారు. పండించిన మనిషిని మా ఊళ్ళకి పంపండి, చూస్తాం అన్నారు. రైతుల తరఫున కనక వెళ్ళాలి, మాట అందించడానికి తోడుగా క్యాథరిన్ వెళ్తుంది. రెండువేల ఆరో సంవత్సరం అది, ప్రయాణం కార్తీకంలో.

చప్పరించినవాళ్ళ నాలుకల మీద కనకకి కాస్త అనుమానమే. తన కాఫీని తను ఒక్కనాడూ తాగి ఎరగదు. జాముగూడలో ఎవరూ తాగరు. పొద్దున్న లేస్తే చోడి అంబలి ఉండగా, ఆ చేదునీళ్ళ కోసం ఎవరు పొయ్యి ముట్టిస్తారు? అయినా మెచ్చుకున్నవాళ్ళని తప్పు పట్టడం మర్యాద కాదు కాబట్టి ఊరుకుంది.

క్యాథరిన్ కళ్ళం మీద ప్రపంచపటం పరిచి, గాలికి లేవకుండా నాలుగు వైపులా రాళ్ళు పెట్టింది. ఊరంతా వంగి చూసింది.

"ఇది ఇథియోపియా, కనకక్కా. కాఫీ మొక్క పుట్టిన చోటు. ఇది టర్కీ. పెరిగి పేరు తెచ్చుకున్నది ఇక్కడ. ఇదేమో ఇటలీ. కాఫీ లేకపోతే ఇక్కడివాళ్ళకి తెల్లారదు."

"అంటే పుట్టిల్లు, మేనమామ ఇల్లు, అత్తారిల్లు," అంది కనక. కాసేపు పుట్టింటి మీదే చూపు నిలిపి, "అక్కడ మొదాట ఎవలు నాటినారమ్మా?" అని అడిగింది.

"ఎవరూ నాటలేదట. అడవిలో దానంతటదే మొలిచిందట. ఇప్పటికీ ఉందట."

"ఏ దిక్కు?"

క్యాథరిన్ పడమర చూపించింది. కనక చేతికంటిన మట్టి దులుపుకుని, ఆ దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టింది. ఎవరూ నవ్వలేదు. కాఫీ రాకముందు ఆ ఊరు వానాకాలాలు ఎలా గడిపిందో అందరికీ గుర్తుంది. పోడు పంట అయిపోయాక మామిడి టెంకలు కడిగి, నానబెట్టి, ఆ పిండితో అంబలి కాచుకుని తాగిన రోజులవి. ఇప్పుడు కనక ఇంటి మీద రేకు ఉంది, కూతురు మాధవి పాడేరు హాస్టల్లో ఉండి చదువుతోంది, కంచంలో ఏడాది పొడుగునా అన్నం ఉంది. ఇదంతా ఆ మొక్క చలవే.

"పిల్లనిచ్చిన ఇల్లది. ఇన్నేళ్ళయినాది, ఒక్కసారైనా గుమ్మం తొక్కి, మీ పిల్ల మా ఇంట సల్లగా ఉందని సెప్పనేదు మనం," అంది కనక. "ఎల్తాను. ఉత్త సేతుల్తో కాదు, మా తోట కాఫీ గుప్పెడు ఒట్టుకెల్లి ఆల సేతిలో పెట్టి వత్తాను."

ఆ మాట పూర్తయిందో లేదో మొహం చిన్నబోయింది.

"మరి మా పువ్వో?"

పువ్వు అంటే మగ్దలేనమ్మ. గెడ్డకవతల, మిషను గుడి ఉన్న గూడెం ఆమెది. వాళ్ళు ఆదివారం గుడికి పోయేవాళ్ళు, వీళ్ళు కొండదేవత జాకరమ్మకి కోడిని కోసేవాళ్ళు. గెడ్డలో నీళ్ళకి ఆ తేడా తెలియదు కాబట్టి, ఆవుల్ని తోలుకొచ్చిన ఇద్దరు గుంటలూ అక్కడే జత కలిశారు. ఒక ఏడు వలిసె చేలు కొండ నిండా పసుప్పచ్చగా పూసిన రోజుల్లో, పెద్దల ఎదట నేస్తం కట్టుకున్నారు. ఒకరి జడలో ఒకరు వలిసె పువ్వు తురిమి, ఒకే విస్తరాకులో అన్నం తిన్నారు. ఈ కొండల్లో అది పెళ్ళికి తక్కువ కాదు, పిసరంత ఎక్కువే. మొగుడితో పడకపోతే పంచాయితీ పెట్టి విడిపోవచ్చు. నేస్తాన్ని వదలడానికి ఏ పంచాయితీ ఒప్పుకోదు. నేస్తాలు ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఏ పువ్వు మార్చుకుంటే ఆ పువ్వు పేరుతోనే పిలుచుకోవాలి. పోట్లాడుకోకూడదు. ఒకరికేది వచ్చినా రెండోవాళ్ళకి సగం.

ఆ సగాలు తిన్న రుణం ఏమిటో కనకకి బాగా తెలుసు. మగ్దలేనమ్మ మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఆ రోజు నేర్చుకున్నది ఆ సాయంత్రమే గెడ్డ ఒడ్డున ఇసక మీద రాసి కనకకి పంచేది. అందుకే ఎవరైనా ఎంత చదివావని అడిగితే, కనక రెండున్నరో తరగతని జవాబు చెబుతుంది. తొంభైల మొదట్లో ప్రభుత్వం కాఫీ మొక్కలు పంచినప్పుడు, జాముగూడ పెద్దలు వద్దన్నారు. మొక్క ముట్టుకుంటే వెనకాలే భూమి లాక్కుంటారని భయం. మగ్దలేనమ్మ తన వంతు మొక్కల్లో సగం తట్టకెత్తుకుని, మొలలోతు నీళ్ళలో గెడ్డ దాటించి తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత ఆమె తోటకి కాండం తొలిచే పురుగు పట్టి, ఒక్క మొక్కా మిగల్లేదు. కనకకిచ్చిన సగమే బతికి, కాసి, ఇప్పుడు దేశాల దాకా వెళ్ళింది. పండు కోసినప్పుడల్లా సగం తట్టలు గెడ్డ దాటుతూనే ఉన్నాయి గానీ, కనక మనసుకి అది చాలినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

అలాంటి నేస్తాన్ని వదిలి మూడు దేశాలూ తనొక్కతే మింగడమా?

కనక పటం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు ఆలోచించింది. చివరికి తేల్చింది. "నాను పుట్టింటికి ఎల్తాను. ఆ అత్తారిల్లు ఇటలీ మా పువ్వుకి. నడిమద్దిన టర్కీ ఉంది కదా, సగం రోజులయ్యాక నాను దిగిపోతాను, ఆవిడ ఎక్కుతాది. సరిపోనాది."

"ముంచింగిపుట్టు బస్సనుకున్నావేటే?" అన్నాడు గంగరాజు.

క్యాథరిన్ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని చూస్తే కనక నవ్వడం లేదు. అప్పుడు ఆమె నవ్వూ ఆగిపోయింది.

పాపం క్యాథరిన్ ఆ లెక్క ప్రకారమే సంఘాన్ని అడిగి చూసింది. కార్యదర్శి రవిబాబు మంచివాడే గానీ, ఒక టిక్కెట్టుని ఇద్దరికి పంచే విద్య అతనికి తెలియదు. రమ్మన్నది ఒక్క రైతుని. పైగా మగ్దలేనమ్మకి తోటే లేదు. "వచ్చే సంతనాటికి కనకమ్మ సంగతి తేల్చండి. రానంటే జి.మాడుగుల రైతుని పంపుతాం" అన్నాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"అయితే ఆలనే పంపండి," అంది కనక. తర్వాత పశువుల పాక వెనక్కి పోయి కరువుతీరా ఏడ్చింది. తనకి వెళ్ళాలని ఉంది. ఆకలి తీర్చిన మొక్క పుట్టినచోట ఒక్కసారి నిలబడాలని ఉంది. నేస్తానికి చెప్పకుండా వెళ్తే తిన్న అన్నం ఒంటబట్టదు. చెప్పి వెళ్ళినా, ఆ సగం ఎక్కణ్ణుంచి తెచ్చివ్వాలో తెలియదు.

మర్నాడు క్యాథరిన్ పట్టుబట్టి ఆమెని గెడ్డ దాటించింది. మానుకుంటున్నానన్న మాటైనా నేస్తంతో చెప్పాలి కదా అంది.

మగ్దలేనమ్మ వాకిట్లో సామలు చెరుగుతోంది. కనక చెప్పింది విని, చేట ఆపకుండానే అడిగింది. "ఏటేటి దేశాలమ్మా?"

"ఇథియోపియా," అంది క్యాథరిన్.

"బైబుల్లో రథమెక్కి సదువుకుంటా పోనాడే, ఆ రాణిగారి మంత్రి ఊరా?"

"ఆ దేశమే. తర్వాత టర్కీలో ఇజ్మీర్ అనే రేవు ఊరు. అక్కణ్ణుంచి ఇటలీ, ముందు రోమ్‌లో దిగుతాం."

చేట ఆగింది. "రోమా? గుడిలో సదువుతారే, ఆ రోమాయేనా?" మగ్దలేనమ్మ సామలు పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. "మరైతే ఎఫెసు ఎక్కడుంటాదమ్మా?"

క్యాథరిన్ కాసేపు ఆలోచించింది. "అదీ టర్కీలోనే. ఇజ్మీర్‌కి దగ్గరే."

"ఆ ఊళ్ళింకా ఉన్నాయా?" అంది మగ్దలేనమ్మ. ఆదివారం ఆదివారం వింటూ పెరిగిన పేర్లవి. అవన్నీ పరలోకానికి పోయే దారిలో ఎక్కడో ఉంటాయనుకుందిగానీ, జీపెక్కి, విమానమెక్కి చూసి రావచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. దీపం ముట్టించినట్టు ఆమె మొహం వెలిగింది. కనక అది చూసింది. చూశాక ఇక ఆమెకి తను వెళ్ళాలన్న ఆశ మీద సిగ్గేసింది.

"ఎల్లాల్సింది నువ్వే పువ్వా. ఆ ఊళ్ళన్నీ నీకు తెలిసినవే. నాకేటి తెలుసు?"

"అదేటి మాట? పిలిసింది నిన్ను."

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. నేస్తాలు పోట్లాడుకోకూడదు. ఇద్దరికీ పోట్లాట మాత్రం వచ్చేస్తోంది. సామల కోసం వాకిట్లో తిరుగుతున్న నల్లకోడి దొరికింది.

"ఓలే కోడీ," అంది కనక, "ఈవిడగారు ఎల్లకపోతే ఆ రోమా ఊసు రోమాలోళ్ళకి ఎవలు సెప్తారో నువ్వే అడుగు."

"ఓలే కోడీ," అంది మగ్దలేనమ్మ, "కాఫీ పండించిన మనిసి ఇంట్లో కూకుని, సేటలు సెరిగే మనిసి ఇమానమెక్కితే నలుగురూ నవ్వరా అని నువ్వే సెప్పు."

"మొక్కలిచ్చిందెవలో కూడా అడగవే!"

"ఇచ్చిన మొక్కని బతికించిందెవలో కూడా సెప్పవే!"

కోడి బెదిరిపోయి గుడి వైపు పరుగెత్తింది. దానిక్కూడా ఒక ఓపిక ఉంటుంది. మాట్లాడ్డానికి ఎవరూ మిగలక ఇద్దరూ కాసేపు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. క్యాథరిన్ ఎటు చూడాలో తెలియక సామల్లో మట్టిగడ్డలు ఏరింది.

చివరికి మగ్దలేనమ్మే నేస్తం వైపు తిరిగింది. "పువ్వా, ఇటుకల పండక్కి మీ ఊరోళ్ళు అడివికి ఏటకి ఎల్తారు కదా. దొరికిన మాంసంలో ఊళ్ళో ఉండిపోయినోళ్ళకి వాటా ఎయ్యరా?"

"ఎందుకెయ్యరు? ఊరు కాసినోళ్ళకీ ఏత్తారు."

"మరి ఇదీ అంతే. కార్తీకంలో మీ తోటలో తొలిపండు ఎర్రబడతాది. ఎవలు కోత్తారు? ఆవుల్నెవలు సూత్తారు? ఆ మనిసికి కూడెవలు ఎడతారు? నువ్వు దేశాలెల్లు. నాను నీ ఇల్లు కాత్తాను. ఈ పయానంలో అది నా సగం. ఎల్లడమొక్కటే పయానమనుకున్నావేటి?"

కనక ఆ మాటని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. ఎక్కడా కన్నం లేదు. వేట ధర్మం తాతలనాటిది, కాదనడానికి వీల్లేదు. గుండెల మీంచి బండ దిగినట్టయింది, కానీ ఒక ములుకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"కట్టం సగం నీకిచ్చి సుకం సగం నాను మిగుల్చుకుంటానా?" అంటూ క్యాథరిన్ వైపు తిరిగింది. "అమ్మా, నాను తిరిగే ఊళ్ళలో సగం ఈవిడవి అవ్వాల. ఈవిడ పేర్లు సెప్తాది, నువ్వు దారి సూడు. అలగైతే ఎల్తాను, నేకపోతే నేదు."

క్యాథరిన్ అక్కడే, సామల చేట పక్కన, ప్రయాణాన్ని విప్పి మళ్ళీ కట్టింది. టర్కీలో బజారు చూడ్డానికని ఒక రోజు వదిలిపెట్టారు. అది ఎఫెసుకి పోయింది. రోమ్‌లో ఒక పూట మిగులుతుంది. అది పెద్దగుడికి పోయింది. ఇథియోపియాలో తోటలకి వెళ్ళే దారిలోనే పాతకాలపు గుళ్ళున్నాయట; అక్కడ ఆగవచ్చు. మగ్దలేనమ్మ ఒక్కో పేరు చెబుతుంటే క్యాథరిన్ సంబరం చూడాలి. చిన్నప్పుడు తనూ అవే పేర్లు వింటూ పెరిగింది మరి.

అప్పట్నుంచి ప్రయాణం దాకా జాముగూడలో వేరే మాట లేదు. ఊరు ఊరంతా ప్రయాణం కట్టింది. తెల్లారితే కూడు ఎలాగంటే ఎలాగని ఒకరు, దాహమేస్తే సొరకాయ బుర్ర విమానంలోకి రానిస్తారా అని ఒకరు. ఆ దేశాల్లో సంత ఏ వారమో అడిగి తెలుసుకుంటే ఆ వారానికి చేరుకోవచ్చు కదా అని ఒక ముసలాయన. అక్కడ సంత రోజూ ఉంటుందంటే, రోజూ సంతకి పోయేవాళ్ళు పనెప్పుడు చేస్తారని ఆయన బెంగ. ఇటలీలో చలంటే కనక లెక్కచెయ్యలేదు, పుష్యమాసంలో మన కొండ మీద ఆవుల వీపున మంచు గడ్డకట్టదా అంది. బూట్లకి మాత్రం జడిసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పాదాలని ఏదీ కప్పలేదు. క్యాథరిన్ తెచ్చిన బూట్లు తొడుక్కుని రోజూ ఆవుల వెనక నడిచి నేర్చుకుంది. ఆవులు వెనక్కి తిరిగి తిరిగి చూశాయి.

పచ్చి గింజలు ఎల్లలు దాటనివ్వరని, వేయించినవైతే పట్టుకెళ్ళొచ్చని క్యాథరిన్ చెప్పింది. సరే, వేయిస్తే వేయించినవేనని గుప్పెడు గింజలు తనే మట్టిపెంకులో వేయించింది. ఊరు దాటి ఊరు వెళ్తే పొలిమేర రాయి దగ్గర ఆగి ఆ ఊరి దేవతని అడిగి అడుగు పెట్టడం ఈ కొండల మర్యాద. విమానం పొలిమేర దగ్గర ఆగదు కాబట్టి, దిగగానే నేల ముట్టుకుని అడుగుతానంది. క్యాథరిన్ వద్దనలేదు.

అంతా కుదిరిందనుకుంటే, ముహూర్తం చెప్పే దిసారి భీముడు వేళ్ళు లెక్కపెట్టి పెదవి విరిచాడు. విమానం రోజు మంచిది కాదు. దానికి ముందొచ్చే మంగళవారం మంచిది. విమానాన్ని ముందుకి జరపడం రవిబాబుకి కూడా చేతకాదు.

"అయితే ప్రస్థానం పెట్టెయ్," అన్నాడు భీముడు. "మంచిరోజున మూట ఇల్లు దాటి ఇంకోలింట్లో ఉంటే, పయానం మొదలైనట్టే."

ఎవరింట్లో అన్నది కనకని అడగాల్సిన పని లేదు. మంగళవారం పొద్దున్నే బ్యాగు నెత్తినెట్టుకుని గెడ్డ దాటి, మగ్దలేనమ్మ ఇంట్లో సిలువ పటం కింద దింపింది. బయల్దేరేదాకా మూట ఆ ఇంట్లోనే. అలా మూడు దేశాల ప్రయాణం మగ్దలేనమ్మ గడప దగ్గర మొదలైంది. బయల్దేరిన రోజు మగ్దలేనమ్మ ప్రార్థన చేసింది. కనక కళ్ళు మూసుకుని విని, చివర "జాకరమ్మ తల్లీ, నువ్వు కూడా" అని కలిపింది. తర్వాత కనక జీపెక్కింది, మగ్దలేనమ్మ కనక ఇంటికి గెడ్డ దాటింది.

చేలల్లో వలిసె ఇంకా పూత మీద ఉండగానే కనక తిరిగొచ్చింది. జీపు దిగుతూనే చూసింది. కళ్ళం పేడతో అలికి ఉంది. దాని మీద తొలికోత పండు ఎర్రగా, పలచగా, ఒక్క పచ్చికాయ కలవకుండా ఎండుతోంది. ఆవులు నిగనిగలాడుతున్నాయి. గంగరాజు కూడా కాస్త ఒళ్ళు చేశాడు.

"రోజూ పార్దన సేసిగానీ కూడెట్టనేదు మీ పువ్వు," అని ఫిర్యాదు చేశాడు. "ఆకలికి ఆగనేక నాను కూడా ఆమేన్ అనేసినాను."

మగ్దలేనమ్మ పాక నీడలోంచి వచ్చింది. పండు కోసీ కోసీ వేళ్ళు మరకలు పట్టి ఉన్నాయి. ఇద్దరూ ఒకర్నొకరు గట్టిగా పట్టుకున్నారు. ఊరంతా పోగయింది. కనక అరుగు మీద నేస్తాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బ్యాగు విప్పింది.

బ్యాగులోంచి సగం రొట్టె వచ్చింది. విమానంలో పెట్టిందట, ఎండి పెంకులా ఉంది. తర్వాత సగం చాక్లెట్టు. సగానికి కోసిన హోటలు సబ్బు. ఇథియోపియాలో పెద్ద అట్టులాంటిది పెట్టారట, దాంట్లో సగం ఎండి ముడుచుకుపోయింది. రోమ్ గుడిలో సగం వెలిగించి ఆర్పి తెచ్చిన కొవ్వొత్తి.

"అన్నీ సగాలే," అంది క్యాథరిన్, నవ్వాలో ఏడవాలో తెలియక. "ఎక్కడ ఏది పెట్టినా విరిచి సగం దాచింది. ఒక విమానాశ్రయంలో బ్యాగు విప్పించి, వీటన్నిటినీ ఎవరు కొరికారని అడిగారు."

మగ్దలేనమ్మ ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంది. రొట్టె నమలడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర చెయ్యలేదు.

"కాఫీ కూడా తాగినాను పువ్వా," అంది కనక. "పుట్టింట్లో ఒక ముసలమ్మ, మనమెలగ ఏపుతామో అలగే పెంకు మీద ఏపి, దంచి, కాచి ఇచ్చింది. మన గుప్పెడు గింజలు ఆవిడ సేతిలోనే పోసినాను. కళ్ళకద్దుకుని, వాటినీ కలిపి కాచింది. మూడుసార్లు తాగాలంట. మూడుసార్లూ సగమే తాగినాను. నచ్చనేదేమోనని బెంగెట్టుకుంది. ఈ అమ్మ నీ ఊసు సెప్తే, నవ్వి, మిగిలిన సగం నీ పేరు మీద నేలతల్లికి పోసింది."

"ఎఫెసు సూసినావా?" అంది మగ్దలేనమ్మ మెల్లిగా.

"సూసినాను. అంతా రాళ్ళే పువ్వా. ఊరు పడిపోనాది, మెట్లు మిగిలినాయి. పేద్ద గుండ్రంగా, కొండ సగం దాకా మెట్లు. ఒక మెట్టు మీద ఇటు సగం నాను కూకుని, అటు సగం నీకొగ్గేసినాను. పొద్దు వాలిందాకా అలగే కూకున్నాం."

మగ్దలేనమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళి, మూత పెట్టిన చిక్కుళ్ళ దాక తెచ్చింది. నువ్వు లేనప్పుడు ఊళ్ళో చిక్కుడు కొత్త అయిపోయిందని చెప్పింది. కొత్త పండగ చేసి దేవతకి పెట్టేదాకా ఇక్కడివాళ్ళు కొత్త పంట ముట్టరు. మిషను గుడివాళ్ళకి ఆ పట్టింపు లేదు. అయినా ఆమె రోజూ గంగరాజుకి చిక్కుళ్ళు వండి పెట్టి, తను ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. నీతోపాటు తిందామని ఆగానంది.

ఇక కనక ఉండబట్టలేకపోయింది. నడుం దగ్గర దోపుకున్న చెంగుముడి విప్పింది. అందులో ఒక పువ్వుంది. వాడి ఎండిపోయినా రంగు పోని పసుపు.

"ఇది మన సేలోదే కదా?" అంది మగ్దలేనమ్మ.

"కాదు. పుట్టింటిది. తోటలకెల్తంటే జీపు మలుపు తిరిగింది. తిరగ్గానే కొండంతా వలిసె పూసేసి ఉంది పువ్వా! మన కొండే అనుకున్నాను. జీపాపించి సేలోకి పరిగెత్తి ఎక్కెక్కి ఏడ్సినాను, ఈ అమ్మ బయపడిపోనాది. ఆలనడిగితే సెప్పినారు, వలిసె పుట్టిందీ ఆ కొండల్లోనేనంట. ఎప్పుడో మన తాతల తాతలకి ముందు అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చినాదంట." కనక ఆ పువ్వుని అరచేతిలోకి తీసుకుంది. "కాఫీ ఇచ్చినోళ్ళకి దణ్ణం పెట్టొద్దామని ఎల్లినాను. కాఫీ ఒక్కటే కాదు. నిన్ను నాకిచ్చిందీ ఆ ఊరే."

అరచేతిలో పువ్వు అలాగే ఉంది.

"అన్నీ విరిసినాను గానీ దీన్ని తుంచనేకపోనాను. ఇది మొత్తం నీదే."

ఆమె ఆ పువ్వుని మగ్దలేనమ్మ ముడిలో, ఎండు రేకులు రాలకుండా జాగ్రత్తగా తురిమింది. మగ్దలేనమ్మ లేచి, కళ్ళం దాటి, చేను గట్టుదాకా నడిచింది. అక్కడ పూసి ఉన్న వాటిలోంచి ఒక పువ్వు కోసుకొచ్చి కనక తలలో పెట్టింది. నెరిసిన తలలు రెండూ పసుపురంగు పువ్వులతో పక్కపక్కన ఉంటే ఊళ్ళోవాళ్ళు కూడా నవ్వు మానేసి చూశారు.

ఎవరూ చెప్పకముందే గంగరాజు పెరట్లోకి వెళ్ళాడు. ఒకే ఒక్క విస్తరాకు కడిగి తెచ్చి, ఇద్దరి మధ్యా పరిచాడు.